పదిహేనో వార్డులో చెల్లదు

కొత్తలంకపేటలో అమ్మాజీ అని ఒక దర్జీ ఉంది. జాకెట్టు శుక్రవారం ఇస్తానంటే శుక్రవారమే ఇస్తుంది. ఇలాంటి దర్జీ ఒకావిడ ఉందంటే పక్క ఊళ్ళవాళ్ళు నమ్మరు, నమ్మకపోతే పోనీండి. ఈ కథలో నమ్మలేని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి.

పద్నాలుగో వార్డు చివరింట్లో అమ్మాజీ, దమయంతి కలిసి కాపురం ఉండబట్టి పంతొమ్మిదేళ్ళయింది. దమయంతి పురపాలక సంఘంలో నర్సు. ఊళ్ళో సగం మంది పిల్లల్ని సూదులు పొడిచి ఏడిపించింది ఆవిడే. వీళ్ళిద్దరినీ వీధిలోవాళ్ళు అక్కచెల్లెళ్ళనేవారు. జనాభా లెక్కలాయన "అద్దెకున్నవారు" అని రాసుకున్నాడు. రేషన్ కార్డులో దమయంతి పేరు పక్కన "ఇతరులు" అని ఉంది. ఎవరూ గట్టిగా అడగలేదు, వీళ్ళూ పనిగట్టుకుని చెప్పలేదు. మూడేళ్ళ కిందట దమయంతికి కడుపులో నొప్పొచ్చేదాకా బండి బాగానే నడిచింది.

ఆసుపత్రి వాళ్ళింటికి ఎదురుగానే, వీధికి అవతలి పక్కన పదిహేనో వార్డులో ఉంది. ఆ రోజు అమ్మాజీ దమయంతిని మోసుకుంటూ వెళ్ళినంత పని చేసి, కిటికీ దగ్గర నిలబడింది. కిటికీ వెనక గుమస్తా కమలకుమారి ఒప్పుదల కాగితం తీసింది.

"పేషెంటుకి నువ్వేమవుతావమ్మా?"

అమ్మాజీ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. చివరికి, "ఫ్రెండునండి," అంది.

"ఫ్రెండు సంతకం చెల్లదు. రక్తసంబంధం కావాలి, లేదా పెళ్ళిసంబంధం కావాలి."

దమయంతికి రక్తసంబంధం అంటే నిడదవోలులో ఒక అన్నగారు. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆయనకి కబురెళ్ళింది. ఆయన భోంచేసి, కాసేపు నడుం వాల్చి, బస్సెక్కి, ఐదు గంటల తరవాత దిగి, సంతకం పెట్టాల్సిన చోట కాకుండా వెనక్కి తిప్పి పెట్టి, మళ్ళీ పెట్టి, చెల్లెలి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఐదు గంటలూ అమ్మాజీ ఆసుపత్రి కుళాయి దగ్గర నిలబడే ఉంది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఇంకోసారంటూ వస్తే ఆ కాగితం మీద పడేది తన సంతకమేనని.

ఇంకోసారి వచ్చింది. దమయంతి పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. మూడు నెలల తరవాత ఒక గురువారం ఆపరేషన్. సరిగ్గా అప్పుడే ప్రభుత్వంవారి ఉత్తర్వు కూడా వచ్చింది.

ఇద్దరు ఆడవాళ్ళుగానీ ఇద్దరు మగవాళ్ళుగానీ పెళ్ళి చేసుకోవచ్చా అన్న ప్రశ్న పైవాళ్ళ బల్ల మీద చాలా కాలంగా నానుతోంది. అవునంటే ఒకళ్ళకి కోపం, కాదంటే ఇంకొకళ్ళకి. అందుకని ఉత్తర్వు ఇలా రాశారు: "ఈ విషయమై రాష్ట్రమంతటా ఒకే అభిప్రాయము గలదనుటకు ఆధారములు లేనందున, స్థానిక మనోభావములను స్థానికముగా నిర్ధారించి, స్థానికముగానే గౌరవించవలెను." రాష్ట్రం ఆ కాగితాన్ని జిల్లా మీదకి తోసింది. జిల్లా పురపాలక సంఘం మీదకి తోసింది. పురపాలక సంఘం వార్డు మీదకి తోసింది. వార్డు కింద ఇంకే ఆఫీసూ లేదు కాబట్టి అక్కడాగింది.

కమిషనర్ శేషావతారం గారికి ఇలాంటి పనంటే ప్రాణం. మనిషి మంచివాడే, కాకపోతే ప్రొఫార్మా లేకుండా తుమ్మడు. ఆయన స్వయంగా కూర్చుని బ్యాలెట్ తయారుచేశారు: "దిగువ పేర్కొన్న వివాహము మీ వార్డు పరిధిలో మీకు సమ్మతమేనా? అవును / కాదు." కింద ఒక ఖాళీ గీత. "ఫారం అన్నది సర్వకాల సర్వావస్థలకూ పనికిరావాలయ్యా," అని చైన్‌మన్ సత్తిరాజుకి బోధించారు. సత్తిరాజు సర్వే గొలుసు పట్టుకుని వార్డుల హద్దులు కొలిచే మనిషి. "మరేనండి," అన్నాడు. నలభై వేలు అచ్చు వేయమని రాసిన కాగితంలో ఎవరి చేతి చలవ వల్లనో ఒక సున్నా ఎక్కువ పడి నాలుగు లక్షలు అచ్చయి వచ్చాయి. ఈ సున్నా గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళో అర్జీ పెట్టుకున్న జంట అమ్మాజీ, దమయంతే కాబట్టి, ఖాళీ గీత మీద వాళ్ళ పేర్లు రాసి ఓట్లు వేయించారు. ముప్పై రెండు వార్డుల్లో పదిహేను అవునన్నాయి, పదహారు కాదన్నాయి. ఇరవై రెండో వార్డులో సరిసమానంగా పడ్డాయి. అక్కడ పెళ్ళి "సగం చెల్లును" అని తాత్కాలికంగా తేల్చారు. ఏ సగం అన్నది పరిశీలనలో ఉంది.

పద్నాలుగో వార్డు అవునంది, ఎదురుగా ఉన్న పదిహేను కాదంది. మధ్యలో ఉన్నది పన్నెండడుగుల సిమెంటు రోడ్డు. ఇటుపక్క ఇంత ఔదార్యం, అటుపక్క ఇంత సంప్రదాయం ఎందుకున్నాయో తేల్చమని కమిషనర్ గారు ఒక నిపుణుల సంఘాన్ని వేశారు. వాళ్ళు అరవై పేజీల నివేదిక ఇచ్చారు. పద్నాలుగో వార్డువారు కాలవకి దగ్గరగా ఉండడంవల్ల ప్రవాహశీలత అలవడిందనీ, పదిహేనో వార్డు నేల రెండడుగులు మెరక కావడంవల్ల విలువలు నిలవ ఉంటున్నాయనీ అందులో రాశారు. ఒక గ్రాఫు కూడా గీశారు.

సత్తిరాజు ఆ గ్రాఫు చూసి, జాకెట్టు కొలతలిచ్చే నెపంతో వాళ్ళావిణ్ణి తీసుకొచ్చి, అమ్మాజీ దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"పద్నాలుగులో ఆడోళ్ళందరూ నీకే ఓటేశారక్కా. చెప్పిన రోజుకి గుడ్డ చేతికిచ్చేదాన్ని ఎలాగ కాదంటామన్నారు. పదిహేనులో ఏటంటే, మొన్న డెంగ్యూ రోజుల్లో దమయంతమ్మ గారు దోమలున్నాయని ఆళ్ళ నీళ్ళ తొట్లు నడివీధిలో బోర్లించేశారు కదా. ఆ కసి తీర్చుకున్నారు. కాలవ లేదు, కాకరకాయ లేదు."

"మరి ఆ మాట ఆ నివేదికోళ్ళకి చెప్పలేకపోయావా?"

"అడిగితేగా!"

ఎలాగైతేనేం, అమ్మాజీకీ దమయంతికీ పెళ్ళయింది. పద్నాలుగో వార్డు సచివాలయంలో, వీధివాళ్ళంతా రాగా, బూందీ పొట్లాలు పంచి. అమ్మాజీ తనకి తనే కుట్టుకున్న జాకెట్టుకి చెయ్యి బిగుతైంది. జీవితంలో మొదటిసారి కొలత తప్పిందని ఆవిడ, వణుకు వల్లేనని దమయంతి, నవ్వీ నవ్వీ ఏడ్చారు. సర్టిఫికెట్ మీద ఎర్ర సిరాతో ముద్ర వేశారు: "పదునాలుగవ వార్డు పరిధిలో మాత్రమే చెల్లును."

మర్నాడు పొద్దున్నే సత్తిరాజు రోడ్డు మధ్యన పసుపు గీత గీశాడు. గీత పక్కన ఒక బల్ల, బల్ల మీద ఒక రిజిస్టరు. దాంట్లో గళ్ళు: పేరు, గీత దాటిన సమయం, దాటిన మీదట వైవాహిక స్థితి. దమయంతి డ్యూటీకి వెళ్ళేటప్పుడు "అవివాహిత" అని సంతకం చెయ్యాలి. భోజనానికి వచ్చేటప్పుడు "వివాహిత". మళ్ళీ వెళ్ళేటప్పుడు "అవివాహిత". సాయంత్రం కొత్తిమీర మర్చిపోయి వెనక్కెళ్తే ఇంకోసారి. పదిహేను రోజులు తిరిగేసరికి రిజిస్టరు ప్రకారం ఆవిడకి ముప్పై నాలుగు పెళ్ళిళ్ళయ్యాయి, అన్నీ అమ్మాజీతోనే.

ఒక ఆదివారం ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా అని అమ్మాజీ, వేసుకున్నానని దమయంతి. ఊరందరికీ మాత్రలు మింగించే మనిషికి తన మాత్రంటే ఒళ్ళుమంట. అమ్మాజీ డబ్బా తెరిచి లెక్కపెట్టబోతే, దమయంతి చెప్పులేసుకుని వెళ్ళి పసుపు గీతకి అవతల నిలబడింది.

"ఇక్కడ నువ్వు నాకేమీ కావు. అడగడానికి నువ్వెవరు?"

"ఇటు రావే, నీ సంగతి చెప్తాను!"

"రాను. నాకు ఇక్కడే బావుంది."

వీధంతా నవ్వింది, అమ్మాజీ కూడా నవ్వింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం ఆవిడ నవ్వు ఆగిపోయింది. గీతకి అవతలే కదా ఆసుపత్రి ఉన్నది. సర్టిఫికెట్ పట్టుకుని ఆ మధ్యాహ్నమే కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

కమలకుమారి సర్టిఫికెట్‌ని రెండు పక్కలా తిప్పి చూసింది. "పెళ్ళి బావుందమ్మా. కాకపోతే పద్నాలుగో వార్డుది. ఇది పదిహేను. ఇక్కడ నువ్వు ఫ్రెండువే."

అమ్మాజీ సర్టిఫికెట్ మడిచి కొంగున ముడేసుకుంది. నిడదవోలు అన్నగారికి ఈమధ్య చెవులు వినపడ్డం లేదని తెలిసింది. అంటే ఇంకో రెండు గంటలు ఆలస్యం.

సోమవారం అర్జీల రోజు. అమ్మాజీ కమిషనర్ గారి ముందు నిలబడింది. ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నారు. బల్ల మీద ఆడిటువారి కాగితం ఉంది. మూడు లక్షల అరవై వేల బ్యాలెట్లు వాడకుండా ఏల మిగిలెను, వాటి వినియోగమునకు తీసుకున్న చర్యలేవి, వారంలోగా తెలుపుడు.

"చూడమ్మా," అన్నారు శేషావతారం గారు. "మీ బాధ సానుభూతితో పరిశీలించదగినదే. కానీ పదిహేనవ వార్డు ప్రజల మనోభావం మీ వివాహానికి ప్రతికూలం. ఇరుగుపొరుగు సమ్మతి లేని వివాహాన్ని ప్రభుత్వం గుర్తించజాలదు. ఇది సూత్రం."

"సూత్రమంటే అందరికీనాండి?"

"సూత్రమంటే అందరికీనమ్మా! అందుకే దాన్ని సూత్రమన్నారు."

అమ్మాజీ కొంగు సర్దుకుంది. కత్తెర పెట్టేముందు గుడ్డని ఎలా చూస్తుందో అలా ఆయన్ని చూసింది. "నాకు పెద్ద చదువు లేదు, తెలీకడుగుతున్నానండి. పదిహేనులో మిగతా పెళ్ళిళ్ళకి ఇరుగుపొరుగు సమ్మతి ఉందని మీకెలా తెలుసండి? ఓటు పెట్టారాండి?"

కమిషనర్ గారు నవ్వబోయి ఆగారు. ఆయన కళ్ళు ఆడిటు కాగితం మీదకి వెళ్ళాయి. అక్కణ్ణించి మూలన కప్పుదాకా పేర్చిన బ్యాలెట్ కట్టల మీదకి వెళ్ళాయి. ఖాళీ గీత. సర్వకాల సర్వావస్థలు. ఆయన మొహం వెలిగిపోయింది.

"సత్తిరాజూ!" అని కేకేశారు. "ప్రతి వార్డులో ఉన్న ప్రతి వివాహమూ! ఒక్కొక్కటే!"

వారం తిరక్కుండా పదిహేనో వార్డుతో మొదలుపెట్టి ఓటింగు పెట్టారు. జనం తండోపతండాలుగా వచ్చారు. అసెంబ్లీ ఎన్నికలకి కాలు కదపనివాళ్ళు కూడా మంచాల మీద మోయించుకుని వచ్చారు. వచ్చినవాళ్ళందరి నమ్మకం ఒకటే, తమ పెళ్ళి బంగారం, పక్కవాడిది మాత్రం ఏదో మొహమాటానికి నడుస్తోందని. ఆ నమ్మకంతోనే బ్యాలెట్లు నింపారు.

ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. పదిహేనో వార్డులో ఉన్న ఆరువందల పన్నెండు పెళ్ళిళ్ళలో నెగ్గినవి రెండు. ఒకటి, మొగుడు పద్దెనిమిదేళ్ళుగా దుబాయిలో ఉంటున్న జంటది. వాళ్ళు పోట్లాడుకోగా ఎవరూ వినలేదని ఓటర్లు మెచ్చుకున్నారు. రెండోది, ఇద్దరూ కాలం చేసిన దంపతులది.

కమలకుమారి పెళ్ళికి ఎనిమిది ఓట్లొచ్చాయి. ఇంట్లో అత్తగారు కాదని వేసిందని తరవాత బయటపడింది. కమిషనర్ గారి బంగళా కూడా పదిహేనులోనే ఉంది. ఆయన పెళ్ళికి పదకొండు ఓట్లు. ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి వీధరుగు మీద కుర్చీలో కూర్చుని, "వైదేహీ, కాఫీ," అన్నారు.

లోపలినుంచి వైదేహి గారి గొంతు వినపడింది. "ఎవరండీ అది? పరాయి మగాళ్ళకి ఈ ఇంట్లో కాఫీలుండవు. ముప్పై ఏళ్ళు కాసి కాసి నా చేతులు పడిపోయాయి. సూత్రం సూత్రమే కదండీ!"

ఆయన కాఫీ హోటల్లో తాగారు. అక్కడ అప్పటికే పదిహేనో వార్డు మగాళ్ళు నలభై మంది వరసలో ఉన్నారు.

ఆపరేషన్ గురువారం రానే వచ్చింది. ఆ ఆసుపత్రికి పెద్ద డాక్టరు గురువారాలు మాత్రమే వస్తాడు. రెండున్నర బండికి వెళ్ళిపోతాడు. ఆ రోజు ఏడు ఆపరేషన్లున్నాయి. వాటిలో ఒకటి దమయంతిది, ఇంకొకటి వైదేహి గారిది. ఆవిడ గొంతు దగ్గర చిన్న గడ్డ.

తెల్లారకుండానే అమ్మాజీ అక్కడుంది. నిడదవోలుకి కబురు పంపలేదు. "పంపవే," అని దమయంతి పొద్దున్న అంది. "నీ పౌరుషం కోసం నా ప్రాణం మీదకి తేకు." ఆ మాట అమ్మాజీకి గుచ్చుకుంది. పది గంటలదాకా చూసి, కారు పంపి పిలిపిస్తానంది. ఇప్పుడు గోడ గడియారంలో తొమ్మిదీ నలభై.

కిటికీ ముందు వరస కదలడం లేదు. మొదటాయన సంతకం పెట్టబోతే కమలకుమారి కలం లాక్కుంది.

"పేషెంటుకి మీరేమవుతారండి?"

"మొగుణ్ణి కాదా! నీకు తెలీదా కమలా? మీ పక్కింటివాణ్ణి!"

"మీకు నలభై ఓట్లే వచ్చాయండి. చెల్లదు. తరవాత."

తరవాతాయనదీ అంతే. ఆ తరవాతావిడదీ అంతే. ఒక కుర్రాడు తల్లికి సంతకం పెడతానంటే, "తండ్రి పెళ్ళి చెల్లనప్పుడు రక్తసంబంధానికి రుజువేమిటి బాబూ?" అని వాణ్ణీ కూర్చోబెట్టింది. ఐదో మనిషి శేషావతారం గారు. చేతిలో సొంత కలం ఉంది. ఇస్త్రీ చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందకీ పెట్టుకున్నారు.

"పేషెంటుకి మీరేమవుతారు సార్?" అంది కమలకుమారి. పాపం, కళ్ళు కాగితంలోంచి ఎత్తలేదు కానీ అడగడం మానలేదు. ఆవిడకి ఉద్యోగం అదొక్కటే వచ్చు.

కమిషనర్ గారు నోరు తెరిచారు. మాట రాలేదు. ఆ తెరిచిన నోటిని అమ్మాజీ గుర్తుపట్టింది. మూడేళ్ళ కిందట అదే కిటికీ ముందు అది తన నోరు. నవ్వొస్తుందనుకుంది కానీ నవ్వు రాలేదు.

లోపలినుంచి పెద్ద డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమిటిది? ఏడుగురు పడుకుని ఉన్నారు, ఒక్క కాగితం రాలేదు! రెండున్నరకి నా బండి. సంతకం లేకుండా నేను కత్తి పట్టను."

హాలంతా గోలెత్తింది. అమ్మాజీ ఆ గోలలోంచి ముందుకొచ్చింది. "డాక్టరు బాబూ, అసలు ఆ సంతకం ఎందుకండి?"

"ఎందుకేమిటమ్మా? పేషెంటు సంగతి తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు పూచీ పడాలి కదా."

"అయితే పేషెంటు సంగతే అడగండి మరి. మేమేమవుతామో ఎందుకండి?"

డాక్టరు కమిషనర్ గారి వైపు చూశాడు. శేషావతారం గారికి ఒక్క క్షణం పట్టింది. మనిషి ప్రొఫార్మా పుట్టుక పుట్టాడు కదా, అక్కడే గోడకి కాగితం ఆనించి రాసేశారు. "రోగి పరిజ్ఞాన ప్రొఫార్మా. సంబంధము అను గడి రద్దు. దానికి బదులుగా, రోగి వాడు మందులు, పడని మందులు, రోగి దాచు సంగతులు. సరిగా నింపినవారి సంతకము చెల్లును. తక్షణము అమలు." రాసి, తేదీ వేసి, ముద్ర లేకపోతే బొటనవేలితో నొక్కారు.

ఏడు కాగితాలు పంచారు. హాల్లో పరీక్ష జరుగుతున్నట్టు నిశ్శబ్దమైంది. కమలకుమారి పక్కింటాయన కలం కొరుకుతున్నాడు. ఇంకొకాయన కాగితం మీద "బలం మాత్ర" అని రాసి, ఆలోచించి కొట్టేశాడు. కిటికీ ముందు అమ్మాజీ ఒక్కతే తలెత్తకుండా రాస్తోంది. పొద్దున్న బీపీ మాత్ర, సగం. రాత్రి షుగరుది. పెన్సిలిన్ పడదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. ఎడంచేతికి నరం దొరకదు, కుడిచేతికి పొడవండి. మత్తు దిగేటప్పుడు చలేస్తుంది, దుప్పటి రెండు మడతలు. కాగితం చాలక వెనక్కి తిప్పింది. ఈసారి వెనక రాసినా ఎవరూ తప్పనలేదు.

కమలకుమారి చదివింది. దమయంతి కేసు పుస్తకం తెరిచి సరిచూసింది. పుస్తకంలో లేనివి కూడా ఇందులో ఉన్నాయి. "సంతకం పెట్టండి," అంది. అమ్మాజీని మొదటిసారి "అండి" అంది.

అమ్మాజీ పెట్టింది. పెద్ద అక్షరాలు, గీత దాటకుండా. గడియారంలో పది కొట్టింది.

వెనక్కి తిరిగేసరికి శేషావతారం గారు బెంచీ మీద కూలబడి ఉన్నారు. ఆయన కాగితంలో మందుల గడిలో ఒకే ఒక్క ముక్క ఉంది: "తెల్లది. గుండ్రముగా ఉండును." ముప్పై ఏళ్ళ కాపురం. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

అమ్మాజీ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "థైరాయిడు మాత్రండి. పరగడుపున. సల్ఫా మందులు పడవు. సూదంటే భయం, పైకి చెప్పరు, చెయ్యి పట్టుకోమనండి."

"ఇవన్నీ మీకెలా తెలుసమ్మా?"

"మెడ కొలత తీసుకున్నప్పుడల్లా చెప్తారండి. మీరూ ఎప్పుడైనా అడిగి చూడండి."

ఆయన గబగబా రాసుకున్నారు. ఆ ఏడు ఆపరేషన్లూ అయ్యాయి. డాక్టరు రెండున్నర బండి అందుకున్నాడు.

దమయంతికి మధ్యాహ్నం మెలకువొచ్చింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. దుప్పటి రెండు మడతలు అప్పటికే కప్పి ఉంది. పక్కన స్టూలు మీద అమ్మాజీ.

"మా అన్నయ్య వచ్చాడా?"

"లేదు."

"మరి సంతకం?"

"నేనే పెట్టాను."

దమయంతి కళ్ళ చివర్లు తడయ్యాయి, మత్తువల్లేనని తరవాత వాదించింది. "ఏమవుతావని రాశావు?"

"అది అడగలేదు. నీ మాత్రలడిగారు."

"అన్నీ రాశావా? మధ్యాహ్నం మాత్ర కూడానా?"

"అదీ రాశాను," అంది అమ్మాజీ దుప్పటి సర్దుతూ. "మధ్యాహ్నం మాత్ర వేసుకోదు, వేసుకున్నానని అబద్ధం చెప్తుంది అని."